ఒకరికి పదవి, లక్షలమందికి ఓటమి

1877 మార్చి 2వ తేదీ, తెల్లవారుజామున నాలుగు గంటలు దాటిన వేళ, వాషింగ్టన్‌లో అమెరికా కాంగ్రెస్ ఉభయ సభలు ఓట్ల లెక్కింపు ముగించాయి. పోలింగ్ జరిగి అప్పటికి దాదాపు నాలుగు నెలలయింది. రిపబ్లికన్ అభ్యర్థి రూథర్‌ఫర్డ్ హేస్‌కు 185 ఎలక్టోరల్ ఓట్లు, డెమొక్రాట్ అభ్యర్థి శామ్యూల్ టిల్డెన్‌కు 184 వచ్చాయని ప్రకటించారు. ఒక్క ఓటు తేడాతో హేస్ అధ్యక్షుడయ్యాడు. ఆ నెల ముగియకముందే రాజధాని నగరం ఉన్న కొలంబియా జిల్లాకు ఫెడరల్ మార్షల్‌గా ఫ్రెడరిక్ డగ్లస్‌ను నియమించాడు. డగ్లస్ ఒకప్పటి బానిస, ఆనాటి నల్లజాతి నాయకుల్లో అగ్రగణ్యుడు. ఆ మరుసటి నెలలోనే దక్షిణ కరొలైనా, లూసియానా రాష్ట్రాల శాసన భవనాల దగ్గర కాపలా ఉన్న ఫెడరల్ సైనికులను హేస్ వెనక్కి పిలిచాడు. దాంతో దక్షిణాదిలో నల్లవారి ఓటుకు మిగిలిన చివరి అండ కూడా పోయింది.

రెండు నిర్ణయాలు, రెండింటి మీదా ఒకే చేతి సంతకం. డగ్లస్ జీవితాన్ని నేను చాలాకాలంగా ఈ రెండు సంతకాల మధ్య పెట్టి చూస్తున్నాను. మొదట్లో ఆయనను క్షమించలేకపోయాను. తన జాతి భవిష్యత్తును బేరం పెట్టినవాడి చేతి నుంచి పదవి ఎలా అందుకోగలిగాడని కోపగించుకున్నాను. ఆయన చివరి పద్దెనిమిదేళ్ల జీవితాన్ని చదివిన తర్వాత ఆ కోపం పూర్తిగా పోలేదు గాని, దాని గురి మారింది. పీడిత కులాల నుంచి ఎదిగివచ్చిన ప్రతి నాయకుడి ముందూ ఏదో ఒకనాడు ఈ ప్రశ్న నిలబడుతుంది గనుక ఆ కథను ఇక్కడ చెప్పదలిచాను.

డగ్లస్ 1818లో మేరీలాండ్ రాష్ట్రంలోని టాల్బట్ కౌంటీలో పుట్టారు. ఏ రోజున పుట్టారో ఆయనకు జీవితాంతం తెలియలేదు. తల్లి హారియట్ బెయిలీ దూరపు పొలంలో పనిచేసేది. పగలంతా చాకిరీ చేసి, రాత్రివేళ మైళ్ల దూరం నడిచి వచ్చి, బిడ్డ పక్కన కాసేపు పడుకుని, పొద్దు పొడవకముందే తిరిగి వెళ్లిపోయేది. ఆయనకు ఏడేళ్ల ప్రాయంలో ఆమె మరణించింది. తండ్రి ఎవరో తెల్లవాడని వినడమే తప్ప ఆయనకు తెలిసింది లేదు. పసితనంలో పెంచింది అమ్మమ్మ బెట్సీ బెయిలీ. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే అన్నది ఆనాటి చట్టం. పుట్టుకతోనే బతుకు నిర్ణయమయ్యే సమాజం ఎలా ఉంటుందో ఈ దేశంలో మనకు ఎవరూ వివరించనక్కర లేదు.

బాల్యంలో ఆయనను బాల్టిమోర్‌లోని హ్యూ ఆల్డ్ ఇంటికి పంపారు. ఆ ఇంటి ఇల్లాలు సోఫియా పిల్లవాడికి అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. భర్తకు తెలిసింది. చదువు వచ్చిన బానిస ఇక బానిసగా పనికిరాడని అతడు భార్యను మందలించి, పాఠాలు ఆపించాడు. ఆ మందలింపే డగ్లస్‌కు అసలు పాఠమయింది. యజమాని దేనికి భయపడుతున్నాడో అదే తనకు దారి అని ఆ పసివాడు గ్రహించాడు. వీధిలో ఆడుకునే పేద తెల్లపిల్లలకు రొట్టెముక్కలిచ్చి వారి దగ్గర చదవడం నేర్చుకున్నాడు. శూద్రులకూ అతిశూద్రులకూ అక్షరాన్ని నిషేధించిన శాస్త్రాలు రాసినవారికీ, ఈ బాల్టిమోర్ గృహస్థుకూ ఒకరి ఊసు ఒకరికి తెలియదు. అయినా భయం మాత్రం ఒకటే.

పదహారేళ్ల వయసులో లొంగని బానిసలను లొంగదీయడంలో పేరుమోసిన ఎడ్వర్డ్ కోవీ అనే రైతు దగ్గర ఆయనను ఏడాదిపాటు పనికి పెట్టారు. నెలల తరబడి కొరడా దెబ్బలు తిన్న తర్వాత ఒకరోజు డగ్లస్ ఎదురుతిరిగి అతడితో కలబడ్డారు. ఆ తర్వాత కోవీ ఆయన మీద చెయ్యి వేయలేదు. 1838 సెప్టెంబరు 3న నావికుడి వేషంలో, మరొకరి గుర్తింపు పత్రాలతో రైలెక్కి ఉత్తరాదికి పారిపోయారు. దారి ఖర్చులకు సాయపడిన స్వతంత్ర నల్లజాతి యువతి అన్నా ముర్రేను రెండు వారాల్లోపే న్యూయార్క్‌లో పెళ్లాడారు. న్యూ బెడ్‌ఫర్డ్‌కు చేరాక పట్టుబడకుండా ఉండేందుకు బెయిలీ అన్న ఇంటిపేరు వదిలి డగ్లస్ అయ్యారు.

1841 నుంచి బానిసత్వ నిర్మూలన సభల్లో ఆయన గొంతు మోగింది. ఇంత బాగా మాట్లాడే మనిషి బానిసగా ఉండి ఉండడని కొందరు సందేహించారు. దానికి జవాబుగా 1845లో స్వీయచరిత్ర అచ్చువేశారు. అందులో యజమానుల పేర్లూ ఊళ్లూ ఉన్నందువల్ల మళ్లీ పట్టుకుపోయే ప్రమాదం వచ్చింది. ఐర్లాండ్, బ్రిటన్ దేశాలకు వెళ్లి దాదాపు రెండేళ్లు ఉన్నారు. అక్కడి మిత్రులు చందాలు పోగుచేసి, 1846లో 150 పౌండ్లు చెల్లించి ఆయన స్వేచ్ఛను కొన్నారు. తిరిగివచ్చి 1847లో రోచెస్టర్ నగరం నుంచి సొంత పత్రిక ప్రారంభించారు. 1848లో సెనెకా ఫాల్స్‌లో జరిగిన మహిళా హక్కుల మహాసభకు వెళ్లి, స్త్రీల ఓటు హక్కు తీర్మానం తరఫున మాట్లాడారు.

అంతర్యుద్ధం వచ్చినప్పుడు, నల్లవారిని సైన్యంలోకి తీసుకోవాలని అధ్యక్షుడు లింకన్ మీద ఒత్తిడి తెచ్చినవారిలో డగ్లస్ ముఖ్యులు. తన ఇద్దరు కుమారులను మసాచుసెట్స్ 54వ పటాలంలో చేర్పించారు. యుద్ధం ముగిసేసరికి సుమారు 1,80,000 మంది నల్లవారు ఉత్తరాది సైన్యంలో పనిచేశారు. దాదాపు 40 లక్షలమంది బానిసత్వం నుంచి బయటపడ్డారు. 1865లో వచ్చిన 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దుచేసింది. 1868లో 14వ సవరణ పౌరసత్వాన్నీ చట్టం ముందు సమాన రక్షణనూ ఇచ్చింది. 1870లో 15వ సవరణ జాతి కారణంగా ఓటు నిరాకరించరాదన్నది. పునర్నిర్మాణ యుగంగా పిలిచే ఆ పదేళ్లలో వెయ్యిమందికి పైగా నల్లవారు దక్షిణాదిలో ప్రభుత్వ పదవులు చేపట్టారు. మిసిసిపీ నుంచి హైరం రెవెల్స్, బ్లాంచ్ బ్రూస్ సెనేట్‌కు వెళ్లారు. నిన్నటి దాకా సంతలో అమ్ముడుపోయిన మనుషులు శాసనాలు చేసే స్థానానికి చేరారు.

అయితే వారికి భూమి రాలేదు. ఈ లోటును నేను చిన్నదిగా చూడను. బానిసల చాకిరీతో పండిన తోటలు పాత యజమానుల చేతుల్లోనే మిగిలాయి. కూలికీ, గింజకూ, గూడుకూ వారి మీదే ఆధారపడవలసివచ్చిన మనిషి పోలింగ్ కేంద్రంలో వారికి వ్యతిరేకంగా ఓటు వేయాలి. అది సాధ్యం కావాలంటే అతని వెనుక రాజ్యం నిలబడాలి. రాజ్యం ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ వచ్చింది. 1875లో మిసిసిపీలో ఎన్నికల హింస చెలరేగినప్పుడు గవర్నరు సైన్యం కోరినా గ్రాంట్ ప్రభుత్వం పంపలేదు. లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో 1873లో జరిగిన ఊచకోత కేసులో, 1876 మార్చిలో సుప్రీంకోర్టు నిందితుల శిక్షలను కొట్టివేసింది. ప్రైవేటు వ్యక్తులు చేసే దాడులను శిక్షించడం ఫెడరల్ ప్రభుత్వం పని కాదన్నది ఆ తీర్పు సారాంశం. కాబట్టి 1877 బేరం ఒక్కరాత్రిలో ఊడిపడింది కాదు. అప్పటికే సడలుతున్న పట్టును అది పూర్తిగా వదిలేసింది.

ఈ సంగతి డగ్లస్‌కు తెలియకపోలేదు. 1876 జూన్‌లో సిన్సినాటిలో జరిగిన రిపబ్లికన్ మహాసభలో ఆయన మాట్లాడారు. మీరు రాజ్యాంగంలో రాసిన వాగ్దానాలను నిలబెట్టే ఉద్దేశం ఉన్నదా అని ప్రతినిధులను సూటిగా నిలదీశారు. రష్యాలో భూదాసులను విడుదల చేసినప్పుడు కాస్త భూమైనా ఇచ్చారనీ, తనవారిని మాత్రం వట్టి చేతులతో ఆకాశం కిందికి తోశారనీ గుర్తుచేశారు. తుపాకీ నీడలో ఉన్న ఓటు ఓటే కాదని హెచ్చరించారు. ఆ మహాసభే హేస్‌ను అభ్యర్థిగా ఎన్నుకున్నది. డగ్లస్ ఆయన తరఫున ప్రచారానికి వెళ్లారు. అవతలి పక్షంలో ఉన్నది పాత బానిస యజమానుల పార్టీ. ఆయనకు మూడో దారి లేదు.

ఆ వేసవి ఏం జరిగిందో చూడాలి. జులైలో దక్షిణ కరొలైనాలోని హాంబర్గ్ అనే నల్లవారి ఊరి మీద సాయుధులైన తెల్లవారు దాడిచేశారు. లొంగిపోయిన నల్లజాతి మిలీషియా సభ్యుల్లో కొందరిని ఒక్కొక్కరినీ పిలిచి కాల్చి చంపారు. అక్కడి నుంచి ఎన్నికల వరకు ఎర్రచొక్కాలు తొడుక్కున్న గుర్రపు దళాలు రాష్ట్రమంతటా తిరిగాయి. రిపబ్లికన్ సభల్లోకి చొరబడి వక్తలను బెదిరించాయి. నవంబరు 7న పోలింగ్ జరిగింది. ఆ రాష్ట్రంలో పోలైన ఓట్లు అక్కడి అర్హులైన పురుషుల సంఖ్యను కూడా మించిపోయాయి. అధ్యక్ష ఎన్నికలో అక్కడ హేస్ ఆధిక్యం 889 ఓట్లు మాత్రమే.

దేశం మొత్తం మీద టిల్డెన్‌కు సుమారు 42.8 లక్షలు, హేస్‌కు సుమారు 40.3 లక్షల ప్రజల ఓట్లు వచ్చాయి. రెండున్నర లక్షల ఆధిక్యం డెమొక్రాట్‌దే. కాని అక్కడ అధ్యక్షుణ్ణి తేల్చేది రాష్ట్రాలవారీ ఎలక్టోరల్ ఓట్లు. మొత్తం 369లో 185 కావాలి. టిల్డెన్‌కు 184 ఖాయమయ్యాయి. హేస్‌కు 165. మిగిలిన 20 వివాదంలో పడ్డాయి: లూసియానాలో 8, దక్షిణ కరొలైనాలో 7, ఫ్లోరిడాలో 4, ఒరెగాన్‌లో 1. మూడు దక్షిణాది రాష్ట్రాలూ చెరి రెండు ఫలితాలు పంపాయి. లూసియానాలో రిపబ్లికన్ల చేతిలో ఉన్న ఫలితాల బోర్డు హింస జరిగిందన్న కారణంతో వేలాది డెమొక్రాట్ ఓట్లను కొట్టివేసింది. ఒక పక్షం ఓటరును పోలింగ్ దగ్గరికి రానీయలేదు, రెండో పక్షం పడిన ఓట్లను లెక్కలోంచి తీసేసింది. టిల్డెన్ నుంచి గెలుపు దొంగిలించారని డెమొక్రాట్లు ఏళ్ల తరబడి వాపోయారు. దక్షిణాది నల్లవారిని స్వేచ్ఛగా ఓటు వేయనిచ్చి ఉంటే ఆ రెండున్నర లక్షల ఆధిక్యం నిలిచేదా అన్న ప్రశ్న మాత్రం వారికి తట్టలేదు.

వివాదాన్ని తేల్చేందుకు 1877 జనవరి చివర కాంగ్రెస్ పదిహేనుమంది కమిషన్‌ను ఏర్పరచింది. సెనేట్ నుంచి అయిదుగురు, ప్రతినిధుల సభ నుంచి అయిదుగురు, సుప్రీంకోర్టు నుంచి అయిదుగురు. ఏ పార్టీకీ చెందనివాడుగా భావించిన న్యాయమూర్తి డేవిడ్ డేవిస్ మధ్యస్థంగా ఉంటాడనుకున్నారు. సరిగ్గా అప్పుడే ఇల్లినాయ్ శాసనసభ ఆయనను సెనేటర్‌గా ఎన్నుకున్నది. ఆయన తప్పుకోగా జోసెఫ్ బ్రాడ్లీ అనే న్యాయమూర్తి వచ్చాడు. కీలకమైన ప్రతి వివాదంలోనూ తీర్పు 8-7గానే వచ్చింది, ప్రతిసారీ హేస్‌కు అనుకూలంగానే. రాష్ట్రాలు ధ్రువీకరించి పంపిన ఫలితాల వెనక్కి వెళ్లి సాక్ష్యం వినేది లేదని కూడా కమిషన్ నిర్ణయించింది. బ్రాడ్లీ పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈ కథలో ఆయన మళ్లీ వస్తాడు.

ప్రతినిధుల సభలో డెమొక్రాట్లు లెక్కింపును సాగదీయడం మొదలుపెట్టారు. తెరవెనుక మంతనాలు సాగాయి. ఫిబ్రవరి 26 రాత్రి వాషింగ్టన్‌లోని వార్మ్‌లీ హోటల్లో హేస్ మనుషులూ దక్షిణాది నాయకులూ కలుసుకున్నారు. లెక్కింపుకు అడ్డుపడకుంటే దక్షిణాది వ్యవహారాలను దక్షిణాదికే వదిలేస్తామన్న భరోసా ఇచ్చారు. ఆ ఒక్క సమావేశమే అంతా తేల్చిందా అన్నదానిపై చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. కాని ఒక వాస్తవం మాత్రం మనసును వదలదు. ఆ హోటలు యజమాని జేమ్స్ వార్మ్‌లీ నల్లజాతివాడు. నల్లవారి బతుకు గురించి బేరం ఒక నల్లవాడి ఇంటి కప్పు కిందనే సాగింది. ఆ బల్ల చుట్టూ మాత్రం ఒక్క నల్లవాడికీ కుర్చీ లేదు.

బేరం అమలయింది. ఏప్రిల్ 10న దక్షిణ కరొలైనా శాసన భవనం నుంచి, 24న లూసియానాలో సైనికులు తప్పుకున్నారు. వారి సంఖ్య అప్పటికే స్వల్పం. అయినా వారు తప్పుకోగానే ఆ రెండు రాష్ట్రాల్లో రిపబ్లికన్ ప్రభుత్వాలు కూలిపోయాయి. రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు. 14వ సవరణ అలాగే ఉంది, 15వ సవరణ అలాగే ఉంది. వాటిని అమలుచేయాలన్న సంకల్పం ఒక్కటే పోయింది.

ఇప్పుడు డగ్లస్ పదవి దగ్గరికి వద్దాం. అమెరికాలో మార్షల్ పదవికి వచ్చిన తొలి నల్లజాతి వ్యక్తి ఆయనే. కోర్టు ఉత్తర్వులు అమలుచేయడం, ఖైదీలను హాజరుపరచడం ఆ అధికారి పని. 1850 నాటి చట్టం కింద పారిపోయిన బానిసలను పట్టి యజమానులకు అప్పగించినది కూడా మార్షళ్లే. ఒకనాడు అలా పట్టుబడతానేమోనని దేశం విడిచిన మనిషి ఇప్పుడు రాజధానికి మార్షల్. ఆ ఘనతను నేను తక్కువ చేయను. ఆనాటి వాషింగ్టన్ న్యాయవాదులు గగ్గోలు పెట్టారు. కోర్టులను నల్లవారితో నింపేస్తాడని భయపడ్డారు. సెనేట్ మాత్రం నియామకాన్ని ఆమోదించింది.

అంతలోనే ఒక చిన్న మార్పు జరిగింది. శ్వేత సౌధంలో విందులు జరిగేటప్పుడు అధ్యక్షుడి పక్కన నిలబడి అతిథులను పరిచయం చేయడం అంతవరకు మార్షల్‌కు ఆనవాయితీ. డగ్లస్ రాగానే హేస్ ఆ పని మరొకరికి అప్పగించాడు. నల్లచర్మం కోర్టులో ఉండవచ్చు, విందు ద్వారం దగ్గర ఉండకూడదు. కార్యాలయంలో కుర్చీ ఇచ్చి, పక్కన కూర్చుని తినేందుకు మొహమాటపడేవారిని చూసిన మనకు ఇందులో ఆశ్చర్యం కనిపించదు. రాజీనామా చేయమని నల్లజాతి విమర్శకులు కోరారు. డగ్లస్ చేయలేదు. ఆ పని చట్టం ప్రకారం మార్షల్ విధుల్లో లేదనీ, తనకు శ్వేత సౌధంలో అగౌరవం జరగలేదనీ తర్వాత స్వీయచరిత్రలో సమాధానం రాసుకున్నారు. తనకు జరిగిన అవమానాన్ని చిన్నదని దాటవేసే హక్కు ఒక మనిషికి ఉంటుందేమో. కాని సైన్యం తప్పుకున్న ఆ వసంతంలో ఆయన గొంతు అలవాటైన స్థాయిలో వినిపించకపోవడం మాత్రం నన్ను బాధిస్తుంది. పదవి నోటికి తాళం వేయనక్కర లేదు, మాట్లాడే సమయాన్ని కాస్త వెనక్కి జరిపితే చాలు.

1879లో ఇంకో తప్పు చేశారు. లూసియానా, మిసిసిపీల్లో హింస భరించలేక వేలాది నల్లజాతి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని కాన్సస్ దారి పట్టాయి. డగ్లస్ ఆ వలసను వ్యతిరేకించారు. పుట్టిన చోటనే నిలబడి హక్కు సాధించుకోవాలన్నారు. సూత్రంగా అది గొప్ప మాటే. ఆ మాట చెప్పిన మనిషి వాషింగ్టన్‌లో సురక్షితంగా ఉన్నారు, వినవలసినవారి ఇళ్లకు రాత్రిపూట ముసుగు మనుషులు వస్తున్నారు. వెలివేతకు గురైన పల్లె జనాన్ని ఊళ్లోనే ఉండి పోరాడమని పట్నం నుంచి ఉపదేశించేవారి తీరే అది. స్వయంగా పారిపోయి స్వేచ్ఛ పొందిన మనిషి ఆ మాట అనడం మరీ విషాదం.

అయితే ఆయన అక్కడ ఆగిపోలేదు. నా కోపం గురి మారింది ఇక్కడే. 1881 నుంచి ఆయన కొలంబియా జిల్లాలో భూముల దస్తావేజుల రిజిస్ట్రారు. 1883లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. హోటళ్లలో, నాటకశాలల్లో, రైళ్లలో జాతివివక్షను నిషేధించిన 1875 నాటి పౌరహక్కుల చట్టం చెల్లదన్నది. ఆ తీర్పు రాసినది బ్రాడ్లీ, అధ్యక్ష పదవిని హేస్‌కు ఖాయంచేసిన ఎనిమిదో ఓటు యజమాని. బానిసత్వం నుంచి బయటపడ్డవారు ఏదో ఒక దశలో చట్టం చూపే ప్రత్యేక ఆదరణను వదిలి మామూలు పౌరులు కావాలన్నది ఆ తీర్పు ధోరణి. రెండు శతాబ్దాలకు మించిన బానిసత్వం పోయి అప్పటికి పద్దెనిమిదేళ్లు! రిజర్వేషన్లు ఇంకెన్నాళ్లు అన్న ప్రశ్నను మన దేశంలో ఎంత తొందరగా అడగడం మొదలుపెట్టారో ఎరిగినవారికి ఆ ధోరణి కొత్త కాదు. తొమ్మిదిమందిలో ఒక్క జాన్ మార్షల్ హార్లన్ మాత్రమే విభేదించాడు. డేవిడ్ డేవిస్ ఖాళీచేసిన స్థానంలో ఆయనను నియమించినది హేసే. చరిత్ర అంత సులువుగా మంచిచెడులుగా విడిపోదు.

తీర్పు వచ్చిన వారంలోపే, అక్టోబరు 22న, వాషింగ్టన్‌లోని లింకన్ హాలులో నిరసన సభ జరిగింది. ప్రభుత్వ పదవిలో ఉండగానే డగ్లస్ అందులో తీర్పును తీవ్రంగా ఖండించారు. అంతకు ముందు నెలలోనే లూయీవిల్‌లో జరిగిన నల్లజాతి జాతీయ మహాసభకు అధ్యక్షత వహించి, రిపబ్లికన్ పార్టీకి తాము కట్టుబానిసలం కామని చాటారు. 1877లో ఆలస్యమైన మాట ఇప్పుడు బయటికి వచ్చింది.

1888 వసంతంలో ఆయన దక్షిణ కరొలైనా, జార్జియాల్లో పర్యటించారు. పాలుకు సాగు చేసేవారి బతుకు దగ్గరగా చూశారు. పంట చేతికి రాకముందే భూస్వామి దాని మీద హక్కు రాయించుకుంటాడు. కూలి డబ్బుగా కాక చీటీగా ఇస్తాడు. ఆ చీటీ చెల్లేది భూస్వామి చెప్పిన దుకాణంలోనే. అక్కడ ధర ఎక్కువ, లెక్క వాళ్లదే. ఏడాది చివర మిగిలేది అప్పు. తిరిగివచ్చి ఏప్రిల్‌లో వాషింగ్టన్ సభలో, విముక్తి అన్నదే ఒక మోసంగా మారిందని ప్రకటించారు. అది విముక్తి వార్షికోత్సవ సభ. పండుగకు పిలిచినవారికి ఆయన లెక్కలు అప్పజెప్పారు. పదకొండేళ్ల క్రితం వాషింగ్టన్ నుంచి చూసి ఊరుకున్న సంగతిని ఈసారి పొలం గట్టు మీద నిలబడి చూశారు. ఆ దూరమే ఆయనలో మార్పు తెచ్చిందని నా అభిప్రాయం.

ఆ తర్వాత 1889 నుంచి 1891 వరకు హైతీలో అమెరికా రాయబారిగా పనిచేసి రాజీనామా చేశారు. 1892లో యువ పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ మూకహత్యల మీద సాక్ష్యాధారాలతో రాసినప్పుడు ఆమె పక్షాన నిలబడ్డారు. ఈ విషయంలో తన మాట ఆమె మాట ముందు బలహీనమని ఒప్పుకున్నారు. డెబ్బయి దాటిన నాయకుడు ముప్పయ్యేళ్ల యువతికి ఆ స్థానం ఇవ్వడం మామూలు సంగతి కాదు. 1894 జనవరిలో చేసిన చివరి మహోపన్యాసంలో, నల్లవారి సమస్య అన్న పేరే తప్పనీ, ఇది మొత్తం దేశం తన రాజ్యాంగానికి కట్టుబడుతుందా లేదా అన్న సమస్య అనీ వాదించారు. 1895 ఫిబ్రవరి 20న మహిళా సభకు వెళ్లి ఇంటికి వచ్చి, ఆ సాయంత్రమే కన్నుమూశారు.

ఆయన పోయిన మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ప్లెసీ కేసులో వేరు బోగీలు న్యాయమేనన్నది. లూసియానాలో 1896లో 1,30,000 మంది నల్లవారు ఓటర్ల జాబితాలో ఉండగా, కొత్త నిబంధనల తర్వాత 1904 నాటికి 1,342 మంది మిగిలారు. 15వ సవరణ అమలుకు గట్టి చట్టం 1965లో గాని రాలేదు. వార్మ్‌లీ హోటల్ బేరానికి మూడు తరాలు మూల్యం చెల్లించాయి.

ఈ కథకు మన దేశంతో ముడి ఉంది. జోతీరావు ఫూలే 1873లో గులాంగిరీ ప్రచురించి, బానిసత్వాన్ని రద్దుచేసినందుకు గౌరవంగా దాన్ని అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. తన దేశస్థులు ఆ ఆదర్శాన్ని అందుకోవాలని ఆశించారు. నాలుగేళ్లు తిరగకముందే అమెరికా ఆ ఆదర్శాన్ని బేరం పెట్టింది. అంబేడ్కర్ మరో తరం తర్వాత అదే చరిత్ర చదివారు. 1940లలో రాసిన రచనల్లో అమెరికా నల్లవారికి జరిగినదాన్ని అంటరానివారు మరిచిపోరాదని హెచ్చరించారు. 1946లో నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు స్వయంగా ఉత్తరం రాశారు. స్వాతంత్ర్యం వచ్చేవేళ, సాంఘిక బహిష్కరణను నేరంగా శిక్షించాలనీ, రక్షణలు రాజ్యాంగంలోనే ఉండాలనీ ఆయన ఎందుకంత పట్టుబట్టారో 1877 చదివినవారికి తేలికగా అర్థమవుతుంది. మెజారిటీ దయ మీద వదిలిన హక్కు బేరానికి వచ్చిన రోజున పోతుందని ఆయనకు తెలుసు.

రక్షణలు రాసుకున్నా పని పూర్తి కాలేదు. 1985లో కారంచేడు జరిగింది. అటువంటి దాడుల నేపథ్యంలోనే 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చట్టం వచ్చాక 1991లో చుండూరు జరిగింది. ఆ కేసులో 2007లో ప్రత్యేక న్యాయస్థానం వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టివేసింది. ఈ ముప్పయ్యేళ్లలో మనవాళ్లలో మంత్రులు లేకపోలేదు, ఉన్నతాధికారులు లేకపోలేదు.

పదవులు వద్దని నేను అనను. డగ్లస్ ఆ కుర్చీని తిరస్కరించి ఉంటే సైన్యం దక్షిణాదిలో ఉండిపోయేదని కూడా అనుకోను. బేరం ఆయనను అడిగి జరగలేదు. అందుకే నా కోపం ఇప్పుడు కుర్చీ అందుకున్న మనిషి మీద కంటే, కుర్చీ ఇచ్చి ఓటు లాక్కున్న వ్యవస్థ మీదనే ఎక్కువ. ఒక మనిషికి దక్కిన గౌరవాన్ని చూపించి లక్షలమందికి జరిగిన ద్రోహాన్ని కప్పిపుచ్చడం దానికి తెలిసిన పాత విద్య. ఆ గౌరవం అందుకున్నవారు తమ పేరు ఏ ఉత్తర్వు కింద ఉందో చూసుకోవడంతో ఆగకూడదు. అదే చేయి సంతకం చేసిన రెండో ఉత్తర్వును కూడా తెప్పించుకుని చదవాలి. డగ్లస్ దాన్ని చదివి గొంతెత్తడానికి ఆరేళ్లు పట్టింది. ఆయన అనుభవం మన ముందు ఉన్నది గనుక మనకు అంత వ్యవధి అవసరం లేదు.